మేస్త్రికి 'దించు' అనేదెవరు

ఇప్పుడు గుండెను తెర మీద చూస్తున్నారు. మొన్న నాకు పరీక్ష చేసిన పిల్ల, నా మనవరాలి ఈడుది, నా గుండె తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం నాకే చూపించి, "ఎంత బాగా కొట్టుకుంటోందో చూడండి అమ్మమ్మా" అంది. చూశాను. బాగుంది, కాదనను. కానీ తల్లీ, నేను నంద్యాలలో నర్సుగా చేరిన కాలంలో గుండెను చెవితో విని తెలుసుకోవలసిందే. అట్లా ఒక రోజు ఒక పెద్దమనిషి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఒక హమాలీ గుండెను విన్నాడు. నర్సు పనిలోకి కొత్తగా వచ్చే మీలాంటి వాళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను. నాది దురుసు నోరని ఆసుపత్రిలో అందరూ అనేవాళ్ళు. రాతలో కూడా అదే నోరు ఉంటుంది, సర్దుకోండి.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. కర్నూలు రాజధాని. సర్కారు కచేరీలు సగం డేరాల్లోనే నడిచేవి. అంతవరకూ మద్రాసులో ఉన్న ప్రభుత్వం బస్సెక్కితే అందే దూరానికి వచ్చేసరికి మా నంద్యాల వాళ్ళకు పట్టపగ్గాలు లేవు. వీధి కుళాయిలో నీళ్ళు రాకపోయినా "కర్నూలుకు పోయి అడుగుతాం" అనేవాళ్ళు. మా డాక్టరు గారికి కూడా ఆ గాలి సోకింది. ఆయన గుంటూరు వైపు మనిషి. బక్కపలచగా ఉండేవారు. కాఫీ ఆలస్యమైతే ఆ కోపమంతా నా మీద చూపించేవారు. రోగుల దగ్గర మాత్రం వెన్నలాంటి మనిషి.

నంద్యాల అంటే పత్తి, బుడ్డలు (అదే, వేరుశనగ), బియ్యం. మూడింటినీ మోసేది హమాలీలు. వాళ్ళు ఆసుపత్రికి వచ్చారంటే ఇంక నడవలేని స్థితి వచ్చిందన్నమాట. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిపోయిన వాళ్ళు వాళ్ళలో చాలామంది. ఆ జ్వరం గుండెను కరిచి పోతుంది, మనిషికి తెలియదు. అట్లాంటి గుండె మీద ఎనిమిది మణుగుల బస్తా, మీ లెక్కలో తొంభై కిలోలు, ఏళ్ళ తరబడి పడితే నలభై నిండకుండానే కాళ్ళు నీరు పడతాయి, నాలుగడుగులకు ఆయాసం వస్తుంది. ఫ్యాక్టరీ గోడల లోపల మోసే మనిషికైతే ఇంత బరువే అని సర్కారు నియమం పెట్టడానికి వీలుంది. గోడ బయట, లారీలకు సరుకెత్తే యార్డులో మోసేవాడికి ఏ చట్టమూ లేదు. డాక్టరు గారు ఒక రోజు చేతులు కడుక్కుంటూ, "ఈ గుండెలకు మందు నా దగ్గర సగమే ఉందమ్మా. తక్కిన సగం శాసనసభ దగ్గర ఉంది" అన్నారు. కాఫీ తాగని పూట కదా, ఏదో అంటున్నారులే అనుకున్నాను.

ఇక్కడ హమాలీల కట్టుబాటు ఒకటి చెప్పాలి. వీపున మూట పడ్డాక దాన్ని మధ్యలో దించడం వాళ్ళలో చచ్చేంత నామోషీ. ఒకసారి దించినవాణ్ణి గుంపు మళ్ళీ మనిషిగా చూడదు. అయితే మేస్త్రి వచ్చి మూట మీద అరచేత్తో ఒక దెబ్బ వేసి "దించు" అంటే దించవచ్చు. అప్పుడు ఎవరూ నోరెత్తరు, నవ్వరు. మోసేవాడి అడుగు తడబడిందా, ఊపిరి మారిందా అని కనిపెట్టి చూడటమే మేస్త్రి పని. నేను ఎన్నో ఆసుపత్రుల్లో పనిచేశాను కానీ ఇంత మర్యాదగల వైద్యం ఎక్కడా చూడలేదు.

మా నంద్యాల యార్డు మేస్త్రిది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. ఉగాదికి సొంతూళ్ళో గుండెత్తే పోటీ జరిగితే ఆ రాతిగుండును భుజం మీదికి ఎత్తి వెనక్కి పడేసిన మనిషి. తలుపు సందులో పట్టనంత వెడల్పు. అట్లాంటి మనిషిని ఒక రోజు భార్య ఆసుపత్రికి తీసుకొచ్చింది. తనకే ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి తోడు రమ్మందట. లోపలికి వచ్చాక అసలు మాట బయటపెట్టింది.

"మా యప్ప పండుకోడమ్మా. గోడకు ఆనుకోని కుచ్చుంటాడు. వెల్లకిలా పండుకుంటే నీళ్ళలో మునిగినట్లుంటాదంట. ఇట్ల ఎన్నాళ్ళు కుచ్చుంటాడు?"

డాక్టరు గారు విన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత స్టెతస్కోపు గొట్టాలు నా చెవులకు పెట్టారు. మామూలు గుండె లబ్ డబ్ అని రెండు చప్పుళ్ళు చేస్తుంది, మీకు తెలుసు. ఇది మూడు చేస్తోంది. రైలు దాటిపోతుందేమోనని స్టేషను రోడ్డు మీద జట్కా గుర్రాన్ని తోలినట్టు ఉంది. పైకి ఆ మనిషి కొండలాగా నిలబడి, నన్ను చూసి నవ్వుతున్నాడు.

బరువు మానెయ్యమని డాక్టరు గారు ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాలా చెప్పారు. మేస్త్రి మర్యాదగా విని, మోయనివాడు మోసేవాళ్ళకు దించమని ఎట్లా చెప్పగలడని అడిగాడు. మరి నీకు చెప్పేదెవరయ్యా అని నేను కల్పించుకున్నాను. "నాకి 'దించు' అనేటోడు ఈ యార్డులో పుట్టలేదు నర్సమ్మా" అన్నాడు. గొప్పకే అన్నాడు. కానీ అందులో ఉన్న సంకటం భార్యకు అర్థమైంది. ఆయన బిళ్ళల కోసం కాంపౌండరు దగ్గరికి వెళ్ళినప్పుడు వరండాలో నా చెయ్యి పట్టుకుంది.

"సర్కారు చెప్పల్లమ్మా. మూట చిన్నది గావల్లని సర్కారు చెప్తే అందరూ తక్కువే మోస్తారు. అందరూ అట్ల మోస్తే మా యప్ప గూడ అట్లే మోస్తాడు. ఆయప్పకు నామోషీ ఉండదు."

ఈ మాట నేను డాక్టరు గారికి చెప్తే ఆయన కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. ఆ రోజు నుంచే మహజరు, అంటే అందరి తరఫున సర్కారుకు అర్జీ, మొదలైంది. బరువుకు హద్దు పెడుతూ రాష్ట్రమంతటికీ ఒక చట్టం చెయ్యాలని, యార్డుల్లో మోసేవాళ్ళ గుండెలను ఏటా పరీక్ష చెయ్యాలని రాశారు. సెలవు రోజుల్లో కర్నూలు బస్సెక్కి డేరా డేరా తిరిగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇంకో పక్క వ్యాపారులను కలిశాం. వాళ్ళందరూ రాక్షసులని మీరు అనుకోవద్దు. బియ్యం కొట్టు యజమాని ఒకాయన మాకు మజ్జిగ ఇప్పించి, "నేనొక్కణ్ణే మూట తగ్గిస్తే పక్కోడు నా బేరం తన్నుకపోతాడు సార్. అందరికీ పెట్టిచ్చండి, నేను ముందే తగ్గిస్తా" అన్నాడు. మేస్త్రి భార్య చెప్పిందీ అదే కదా! మోసేవాడికి పరువు అడ్డం, మోయించేవాడికి బేరం అడ్డం. ఎవరి మటుకు వాళ్ళు ముందుగా దించలేరు. చట్టం అంటే శిక్ష అనుకునేదాన్ని నేను. అది ఇద్దరినీ ఒకేసారి గట్టెక్కించే పడవ కూడా అవుతుందని అప్పుడు తెలిసింది.

చివరికి ఎవరు కదిలించారో ఏమో, యార్డును కళ్ళారా చూడటానికి శాసనసభ్యులు ముగ్గురు వస్తున్నారని కబురు వచ్చింది. వాళ్ళ ఊళ్ళు, పేర్లు చెప్పను. ఒకాయన పెద్దవాడు, మా సీమ రైతు, తలకు రుమాలు చుట్టుకునేవాడు. ఇంకొకాయన యువకుడు, చాలా జాలిగుండె. మూడో ఆయన దారి పొడుగునా నిద్రపోయి వచ్చాడట, యార్డులో కూడా దాదాపు అట్లాగే ఉన్నాడు.

డాక్టరు గారు ఏర్పాట్లన్నీ చక్కగా చేశారు. వేపచెట్టు కింద కుర్చీలు వేయించారు. మేస్త్రి కోసం కూడా ఒక కుర్చీ వేయించారు. పెద్దల ఎదురుగా కూర్చుని, మూట ఎంత ఉంటుందో, రోజుకు ఎన్ని మోస్తారో, సాయంత్రానికి ఒళ్ళు ఎట్లా ఉంటుందో ఆయన చెప్తే చాలన్నారు. అదే కొంప ముంచింది. హమాలీలందరూ నిలబడి ఉంటే మేస్త్రిని రోగిలాగా కూర్చోబెట్టాం. డాక్టరు గారు పరాయి ప్రాంతం మనిషి, ఆయనకు తెలియదు. ఈ మట్టిలో పుట్టిన నాకైనా తట్టలేదు.

యువ సభ్యుడు లేచి వచ్చి మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "పాపం, ఎంత నలిగిపోయావయ్యా" అన్నాడు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మంచివాడే, ఏం చేస్తాం! మా సీమలో ఒక మగవాణ్ణి, అందులోనూ గుండెత్తిన వాణ్ణి, తన మనుషుల ముందర పాపం అన్నారంటే ఇంక చెప్పేదేముంది. మేస్త్రి మొహం నల్లబడింది. కుర్చీలోంచి లేచాడు. తలగుడ్డ బిగించి బస్తాల దొంతి దగ్గరికి నడిచాడు. వీపు వంచి, రెండు వెయ్యమని సైగ చేశాడు.

ఎత్తే వాళ్ళిద్దరూ జంకారు. మేస్త్రి కళ్ళెర్ర చేశాడు. ఒక బియ్యం బస్తా పడింది. దాని మీద రెండోది పడింది. లారీకి ఆనించిన ఏటవాలు బల్ల మీద అడుగు వేశాడు. బల్ల కిందికి వంగింది. ఒక్కో అడుగూ తూచి వేసినట్టు, మెడ నరాలు తాళ్ళలాగా ఉబ్బి, పైకి ఎక్కాడు. నేను అంతవరకు మనిషి బలం అంటే ఏమిటో చూడలేదు. ఆయన గుండె చప్పుడు నా చెవుల్లో ఉంది. ఏ క్షణమైనా ఆగిపోతుందని తెలుసు. అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి, నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అది చూసి చేతులెత్తి దండం పెట్టబుద్ధి అయింది.

బస్తాలు రెండూ లారీలో పడ్డాయి. యార్డంతా ఈలలు, గుండెత్తిన మేస్త్రి అని కేకలు. మేస్త్రి దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చెమట కారుతోంది, నవ్వుతున్నాడు. వ్యాపారుల తరఫున వచ్చిన గుమాస్తా మా డాక్టరు గారి వైపు తిరిగి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సార్?" అన్నాడు. యువ సభ్యుడు కూడా చప్పట్లు కొడుతున్నాడు. నిద్రాయన లేచి, ఏమైందని అడిగాడు. డాక్టరు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అన్ని నెలల తిరుగుడూ ఆ బల్ల మీద నుంచి లారీలోకి పడిపోయింది. గోడ పక్కన సంగటి గంపతో వచ్చిన మేస్త్రి భార్య ఏడవలేదు. గంపను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు ఆ గుమాస్తా, నిద్రాయన చూడలేదు కాబట్టి ఇంకొక తూరి మోసి చూపించమన్నాడు. మేస్త్రి సరేనని తల ఊపాడు.

అప్పుడు డాక్టరు గారు పరుగెత్తారు. ఆ పెద్ద సభ్యుణ్ణి చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కొచ్చి, మేస్త్రి రొమ్ము మీద స్టెతస్కోపు ఆనించి, గొట్టాలు ఆయన చెవుల్లో పెట్టేశారు. పెద్దాయన ఉలిక్కిపడ్డాడు, రుమాలు పక్కకు జరిగింది. తర్వాత కదలలేదు. కళ్ళు మూసుకున్నాడు. అంతసేపూ గుమాస్తా ఏదో అంటూనే ఉన్నాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపి, తన గుండె వినిపించమని డాక్టరు గారిని అడిగాడు. విన్నాడు. మళ్ళీ మేస్త్రిది విన్నాడు. గొట్టాలు తీసి చేత్తో పట్టుకుని, ఆ మనిషి కేసి కింద నుంచి పైదాకా చూశాడు. గర్భగుడి ముందు నిలబడ్డవాడి చూపు అది.

మేస్త్రికి ఇవేమీ పట్టలేదు. వీపు వంచాడు. ఒక బస్తా పడింది. రెండోదాన్ని ఇద్దరు లేపుతున్నారు. పెద్దాయన గబగబా నడిచి వెళ్ళి, వీపు మీది బస్తాను అరచేత్తో ఫట్టున కొట్టాడు.

"దించు" అన్నాడు.

హమాలీలందరూ గతుక్కుమన్నారు. మేస్త్రి వంగిన చోటనే తల తిప్పి చూశాడు. పరాయివాడు ఆ మాట అనకూడదు. పెద్దాయన గొంతు తగ్గించాడు.

"నేనూ గుండెత్తినోణ్ణే నాయనా. మా ఊర్లో నన్ను మించినోడు లేడు. చెప్తాండా, ఇను. దించు."

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మేస్త్రి వీపు మెల్లగా పక్కకు ఒరిగింది. బస్తా నేల మీద పడి దుమ్ము లేచింది. గోడ దగ్గర ఆయన భార్య గంపను నేల మీద పెట్టింది. ఎవరూ నవ్వలేదు. కట్టుబాటు కట్టుబాటే మరి.

మేస్త్రి తుండుతో మొహం తుడుచుకుని, "ఏం ఇన్నావు సామీ?" అని అడిగాడు. పెద్దాయన గొట్టాలు ఆయన చెవుల్లోనే పెట్టాడు. తన గుండెను తాను వినడం ఆ మనిషికి అదే మొదలు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు పోయింది. అడుగుల చప్పుడు వినడమే బతుకంతా చేసిన మనిషి కదా. తల ఒక పక్కకు వంచి, బల్ల మీద ఎవరో మోస్తూ ఎక్కుతుంటే వింటున్నట్టు విన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఆయన అన్న మాట నా చెవులతో విన్నాను.

"ఇది అడుగు తప్పింది. రెండడుగులు పడే కాడ మూడు పడతాండాయి. మా గుంపులో ఎవడన్నా ఇట్ల మోస్తాంటే నేను ఎప్పుడో దించిచ్చేటోణ్ణి." గొట్టాలు తీసి, రొమ్ము మీద చెయ్యేసుకుని, "ఇన్నేండ్లు ఒక్క మాట గూడ అనకుండా మోస్తాండాది సూడు" అన్నాడు.

డాక్టరు గారు అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేనైతే బాహాటంగానే ఏడ్చాను. నాకు సిగ్గెందుకు!

ఆ తర్వాత గుంపులో వాళ్ళు ఒక్కొక్కరే చొక్కా విప్పి వరసలో నిలబడ్డారు, మాదీ వినండి అని. పెద్దాయన సాయంత్రం దాకా వింటూనే కూర్చున్నాడు. గుమాస్తా కూడా చివర్లో తన రొమ్ము చూపించుకున్నాడు. దానికి మాత్రం ఏ జబ్బూ లేదు.

చట్టం వచ్చిందా అని అడుగుతారు. పెద్దాయన కర్నూలులో గట్టిగానే మాట్లాడాడని విన్నాం. ఇంతలో రాష్ట్రం పెద్దదైంది, రాజధాని హైదరాబాదుకు పోయింది. కచేరీలన్నీ మూటలు కట్టుకుని లేచాయి. మా మహజరు ఏ మూటలో పోయిందో తెలియదు. ఆ మూటలను మోసింది మాత్రం హమాలీలే, అందులో అనుమానం లేదు. మేము కోరిన రూపంలో చట్టం నా ఉద్యోగ కాలంలో నేను చూడలేదు. డాక్టరు గారు ఊరుకోలేదు, మళ్ళీ మొదటి నుంచి రాశారు. హైదరాబాదు బస్సులో రానూ పోనూ ఒళ్ళు హూనం చేసుకున్నారు. యార్డులో మాత్రం వ్యాపారులూ హమాలీలూ ఒకచోట కూర్చుని, పెద్దమనుషుల ముందర, మూట బరువు తగ్గించుకున్నారు. మజ్జిగ ఇచ్చిన కొట్టాయన అన్న మాట ప్రకారం అందరికన్నా ముందు తగ్గించాడు. పెద్దలు ఒక తూరి వచ్చి విన్న పాపానికి ఆ మాత్రం జరిగింది. చట్టం కోసం తిరిగేవాళ్ళు చట్టం రాలేదని అలసిపోకండి పిల్లలూ. దారిలో కొందరు బతుకుతారు.

మేస్త్రి బిళ్ళలు మింగాడు. ఉప్పు తగ్గించమంటే భార్యతో పెద్ద యుద్ధమే చేశాడట. ఊరగాయ జాడీని ఆమె పుట్టింట్లో దాచిందని తర్వాత తెలిసింది. కొన్నాళ్ళకు యార్డు వదిలి సొంతూరికి వెళ్ళిపోయారు.

తర్వాత నన్ను ఆళ్ళగడ్డకు బదిలీ చేశారు. ఒక ఉగాది నాడు ఒక బాలింతను చూడటానికి ఆ పక్క పల్లెకు వెళ్ళాను. చూసి తిరిగి వస్తుంటే మైదానంలో జనం, గుండెత్తే పోటీ. పక్కన పందిరి కింద నులక మంచం మీద ఎవరో పడుకుని ఉన్నారు. మంచం పక్కన విసనకర్రతో కూర్చున్న మనిషి నన్ను చూసి గబుక్కున లేచింది. మేస్త్రి భార్య. పలకరించబోతే నోటి మీద వేలు పెట్టి, మంచం కేసి చూపించింది.

"సూడమ్మా, ఎట్ల పండుకోనుండాడో" అంది మెల్లగా.

వెల్లకిలా పడుకున్నాడు. తల కింద దిండు కూడా లేదు. రొమ్ము నిదానంగా లేస్తోంది, దిగుతోంది. స్టెతస్కోపు నా సంచిలోనే ఉంది, తీయలేదు. అట్లాగే నిలబడి చూశాను. ఎన్నో కాన్పులు చేశాను, ఎన్నో ప్రాణాలు పోవడం చూశాను. ఒక మనిషి వెల్లకిలా నిద్రపోవడం అంత గొప్పగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

మైదానంలో ఒక కుర్రవాడు గుండును మోకాళ్ళ దాకా లేపాడు. జనం అరుస్తున్నారు. వాడు పళ్ళు బిగించి రొమ్ము దాకా తెచ్చాడు. అక్కడ వాడి ఊపిరి తడబడి ఉండాలి. నాకు వినపడలేదు, ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

మంచం మీద మేస్త్రి కళ్ళు తెరవలేదు. ఒక చెయ్యి మాత్రం లేచి మంచం పట్టె మీద ఫట్టున పడింది.

"దించురా" అన్నాడు.

వాడు దించాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి అట్లాగే, వెల్లకిలా, మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.